శిఖరం చిక్కింది, లోయ చిక్కలేదు

నందాదేవి ఎత్తు లెక్కగట్టిన వందేళ్లకు గానీ దాని పాదం దగ్గరికి సర్వేయరు చేరలేకపోయాడు. 19వ శతాబ్దం మొదటి సగంలోనే దూరం నుంచి కోణాలు కొలిచి ఆ కొండ ఎంత ఎత్తో తేల్చేశారు. ఇవాళ్టి లెక్కలో 7,816 మీటర్లు. కానీ దాని చుట్టూ దాదాపు 110 కిలోమీటర్ల పొడవున కొండలే ప్రహరీగోడలా నిలబడి ఉన్నాయి. ఆ గోడ 5,200 మీటర్ల కంటే బాగా కిందికి దిగేది ఒకే ఒక్క చోట. పడమటి వైపు రిషిగంగ దాన్ని కోసుకుని బయటికొచ్చే ఇరుకులో. 1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్, వాళ్లతో ముగ్గురు షెర్పాలు ఆ ఇరుకులో రాళ్లు పట్టుకుని పాకుతూ లోపలికి వెళ్లారు. అప్పటిదాకా ఆ గోడ లోపల ఏముందో పటంలో లేదు. మరో రెండేళ్లకు, 1936లో, సర్వే ఆఫ్ ఇండియా అధికారి గోర్డన్ ఆస్మాస్టన్ బృందం వెళ్లి ఆ లోపలిని కొలిచింది.

మంచుకొండలకు పటాలు గీసిన రెండు శతాబ్దాల కథను ఎటునుంచి చదివినా ఇదే వరస. శిఖరం ముందు చిక్కుతుంది, లోయ చివర చిక్కుతుంది. శిఖరానికి దాక్కోవడం చేతకాదు, వంద కిలోమీటర్ల అవతల నుంచి కూడా కనబడిపోతుంది. లోయ అలా కాదు. దగ్గరికెళ్తే గానీ కనిపించదు, వెళ్లినా కనిపించేది ఒక మలుపు వరకే. పేరూ ప్రతిష్ఠా కూడా శిఖరానివే. ఎవరెస్టు ఎత్తు దగ్గర దేశాలు సెంటీమీటర్లతో సహా ప్రకటనలు చేస్తాయి. ఊళ్లు కొట్టుకుపోయేది మాత్రం లోయల్లో. నిటారు కొండసీమకు పటం గీసే పనిలో ఏ పద్ధతి దేన్ని పట్టుకుంది, దేన్ని వదిలేసింది అన్నదే ఇక్కడ నా ప్రశ్న. చెప్పేది ఎక్కువగా హిమాలయం, కారకోరం గురించే. ఆల్ప్స్ ఊసు తప్పదు. కొండను కాగితం మీద పెట్టడంలో స్విస్ వాళ్లను మించినవాళ్లు లేరు.

కథ మద్రాసులో మొదలైంది. 1802 ఏప్రిల్ 10న సర్వేయరు విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఉక్కు గొలుసు పరిచి, దాదాపు 12 కిలోమీటర్ల ఆధారరేఖ కొలవడానికి పూనుకున్నాడు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతావన్నీ తెలిసినట్టే. అలా తేలిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. అరటన్ను బరువుండే థియోడోలైటును మనుషుల చేత మోయిస్తూ, గుట్టలూ గుళ్ల గోపురాలూ ఎక్కిస్తూ ఉత్తరానికి అల్లుకుంటూ పోయారు. ఆ అల్లిక నిజాం రాజ్యం మీదుగానే సాగింది. 1820లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తున్న జార్జి ఎవరెస్టుకు మలేరియా పట్టుకుని, కోలుకోవడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా వెళ్లాల్సి వచ్చింది. భూమ్మీద అన్నిటికంటే ఎత్తైన కొండకు పేరిచ్చిన మనిషిని పడగొట్టింది మంచు కాదు, మన దోమ. కొండకు తన పేరు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు కూడా. ఆ పేరు ఇక్కడివాళ్లకు పలకదని అభ్యంతరం చెప్పాడు. 1865లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ పెట్టనే పెట్టింది.

ఆ కొండను కొలిచిన తీరు ఇప్పుడు తలుచుకున్నా విడ్డూరమే. నేపాల్ తలుపులు మూసుకుని ఉంది. అందుకని 1849-50 ప్రాంతంలో ఉత్తర బీహార్ మైదానం నుంచే, 170 నుంచి 190 కిలోమీటర్ల దూరాన నిలబడి, పదిహేనో నంబరు శిఖరానికి కోణాలు తీశారు. అంత దూరంలో భూమి వంపు ఒక్కటే కొండలో దాదాపు 2,400 మీటర్లు మింగేస్తుంది. మిగిలినదాన్ని గాలి పైకెత్తి చూపిస్తుంది. కింద చిక్కటి గాలి, పైన పలచటి గాలి, వాటి మధ్య వెలుగు వంగి రావడం వల్ల శిఖరం ఉన్నచోటి కంటే మూడొందల మీటర్లకు పైగా ఎత్తులో కనిపిస్తుంది. ఆ వంపు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది. ఇక కోణం చదవడంలో ఒక్క సెకను, అంటే డిగ్రీలో మూడువేల ఆరొందల వంతు తప్పినా ఎత్తులో 85 సెంటీమీటర్లు పోతుంది. సర్వే గణకుడు రాధానాథ్ సిక్‌దార్ ఈ చిక్కులన్నీ లెక్కల్లో విప్పాడు. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు, అంటే 8,840 మీటర్లు. ఇవాళ్టి అంకెకు తేడా తొమ్మిది మీటర్లు మాత్రమే. కొండ గడప తొక్కకుండా.

అదే సర్వే దగ్గర ఇంకో వింత బయటపడింది. సాధనానికి నిట్టనిలువు ఏదో తేల్చేది గుండు దారం. గోడ కట్టే మేస్త్రీ చేతిలో ఉండేదే. పక్కనే హిమాలయమంత బరువుంటే గుండు అటు లాగబడదా? కల్యాణ, కల్యాణ్‌పూర్ అనే రెండు కేంద్రాల మధ్య దూరం నక్షత్రాల లెక్కలో ఒకటి, త్రిభుజాల లెక్కలో ఒకటి వచ్చింది. తేడా 5.236 సెకన్లు. కలకత్తాలో ఆర్చ్‌డీకన్‌గా ఉన్న జాన్ ప్రాట్ కూర్చుని హిమాలయం గుండును ఎంత లాగాలో లెక్కవేస్తే 15.885 సెకన్లు తేలింది. కొండ లాగాల్సినదాంట్లో మూడోవంతే లాగుతోంది! కొండల కింద భూమి తేలికగా ఉంటుందనే ఆలోచన, పర్వతాలకు లోతైన వేళ్లుంటాయన్న జార్జి ఎయిరీ వాదన 1855లో ఇక్కడి నుంచే పుట్టాయి. సర్వేలో దొరికిన తప్పు భూగర్భశాస్త్రంలో ఒక కొత్త ఆలోచనకు పునాది అయ్యిందన్నమాట.

ఇదంతా శిఖరాల సంగతి. లోయల్లోకి దిగేసరికి పని పూర్తిగా మారిపోతుంది. అక్కడ థియోడోలైటు కంటే ప్లేన్ టేబుల్ ముఖ్యం. మూడుకాళ్ల పీట మీద ఒక చదునైన బల్ల, దాని మీద అతికించిన కాగితం, గురి చూసుకోవడానికి ఒక బద్ద, ఎత్తు కోణం చదవడానికి క్లైనోమీటరు. సర్వేయరు ఒక గట్టు ఎక్కి బల్ల సర్దుకుంటాడు. ఇంతకుముందే తేలిన మూడు శిఖరాలను గురి చూసి మూడు గీతలు గీస్తాడు. ఆ మూడూ కలిసిన చోటే తానున్న చోటు. ఇక అక్కడి నుంచి కనిపించే ప్రతి నెత్తికీ, ప్రతి నీటిచీలికకూ ఒక గీత. ఇంకో గట్టు ఎక్కి మళ్లీ అవే గీతలు. రెండు గీతలు తగిలిన చోట ఒక చుక్క. నడుమ ఉన్న వాలంతా కంటితో చూసి చేత్తో గీసినదే. వేళ్లు మంచుకు కొయ్యబారిపోతుంటే, గాలికి బల్ల ఎగిరిపోకుండా సర్వే కూలీ, అంటే కళాసీ, దాని కాళ్లకు రాళ్లు పేరుస్తుంటే, పెన్సిల్ మొనతో గీసిన గీత అది. మబ్బు దిగితే ఆ రోజుకు పని లేనట్టే. ఎక్కిన కొండ ఎక్కినట్టే దిగాలి.

ఈ పనిలో పేర్లు మిగిలింది దొరలకు. మోంట్‌గోమరీ 1856లో హరముఖ్ నుంచి కారకోరం శిఖరాలను చూసి కె1, కె2 అని అంకెలు వేసుకున్నాడు. కె2 ఆ అంకెతోనే ఉండిపోయింది. కొలత గుంజలు మోసుకుని ముందు కొండ ఎక్కింది మాత్రం కళాసీలే. 1860 ప్రాంతంలో స్పితిలోని షిల్లా శిఖరం మీదికి ఒక కళాసీ గుంజ మోసుకెళ్లాడని, అది ఏడువేల మీటర్లు దాటిందని, కాబట్టి అప్పటికి మనిషి ఎక్కిన అత్యంత ఎత్తైన చోటు అదేనని చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నారు. తర్వాతి సర్వేలో ఆ శిఖరం 6,100 మీటర్ల దరిదాపుల్లోనిదని తేలింది. రికార్డు పోయింది. ఆ కళాసీ పేరు మొదట్నుంచీ లేదు.

టిబెట్ లోపలికి దొరలకు ప్రవేశమే లేదు. అక్కడ అడుగులే కొలబద్ద. దొరల బదులు వెళ్లిన నైన్ సింగ్‌ది నందాదేవికి తూర్పున గోరీగంగ లోయలోని మిలమ్ ప్రాంతం. అడుగు ఎప్పుడూ ఒకే పొడవు పడేలా, రెండువేల అడుగులకు ఒక మైలు తెగేలా ఆయనకు శిక్షణ ఇచ్చారు. చేతిలో జపమాల. అందులో 108 పూసలకు బదులు నూరే ఉంటాయి. వంద అడుగులకొక పూస జరిపితే, మాల ఒక చుట్టు తిరిగేసరికి అయిదు మైళ్లు. ప్రార్థన చక్రంలో మంత్రాల చుట్టకు బదులు కొలతల కాగితం. ఎత్తు తెలుసుకోవడానికి టీ నీళ్లు మరిగేటప్పుడు అందులో థర్మామీటరు ముంచేవాడు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ప్రతి మూడొందల మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. 1866 జనవరిలో లాసా చేరి, ఆ ఊరి ఎత్తు 3,420 మీటర్లని తేల్చాడు. అసలు ఎత్తు 3,650. పది మందిలో దొంగచాటుగా మరిగించిన గిన్నె ఇంతకంటే ఏం చెబుతుంది? నా మటుకు నాకు ఎవరెస్టు లెక్క కంటే ఈ తప్పు అంకె మీదే గౌరవం ఎక్కువ. 1877లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

కొలతలు చేతికొచ్చాక కూడా ఒక పెద్ద చిక్కు మిగిలే ఉంటుంది. ఎత్తూ పల్లమూ ఉన్న నేలను చదును కాగితం మీద చూపడం ఎలా? సమోన్నత రేఖ అంటే ఏమిటో మనవాళ్లకు పాఠ్యపుస్తకం చెప్పక్కర్లేదు. వేసవిలో చెరువు అంచెలంచెలుగా ఎండుతున్నప్పుడు ఒడ్డు చుట్టూ మిగిలే తడి చారలు చూడండి. ఒక్కో చారా ఒక్కో ఎత్తు. ఒడ్డు ఏటవాలుగా ఉన్నచోట చారలు ఎడంగా, నిటారుగా ఉన్నచోట ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. మెట్ట పొలాల్లో కాంటూరు గట్లు వేసుకున్న రైతులకు ఈ గీత కాళ్ల కిందిదే. కొండ మీద ఈ గీతను వాడుకున్న తొలి ప్రసిద్ధ సందర్భం స్కాట్లండ్‌ది. 1774లో నెవిల్ మాస్కెలిన్ భూమి బరువు తేల్చడానికి షిహాలియన్ కొండ దగ్గర గుండు దారం వేలాడదీశాడు. అవే కొలతలతో కొండ ఘనపరిమాణం లెక్కవేయాల్సొచ్చిన చార్లెస్ హటన్ ఒకే ఎత్తున్న చుక్కలను గీతలతో కలిపాడు. గుండు దారం, సమోన్నత రేఖ అలా ఒకే కొండ దగ్గర కలిశాయి.

స్విస్ వాళ్లు మాత్రం మొదట ఆ దారి పట్టలేదు. 1845 నుంచి 1865 వరకు గియోమ్ ఆన్రీ డ్యూఫోర్ పర్యవేక్షణలో వెలువడిన పాతిక రేకుల పటంలో కొండలన్నీ వాలు వెంట దిగే సన్నటి గీతలతో నిండి ఉంటాయి. వాయవ్యం నుంచి వెలుగు పడుతున్నట్టు ఒక పక్క గీతలు పలచన, ఇంకో పక్క చిక్కన. చూస్తే కొండ కాగితంలోంచి లేచి వస్తుంది. కానీ ఫలానా చోటు ఎంత ఎత్తంటే ఆ గీతలు జవాబు చెప్పలేవు. 1870 నుంచి వచ్చిన సీగ్‌ఫ్రీడ్ పటంలో సమోన్నత రేఖలు వచ్చాయి. నేల మీద గోధుమరంగు గీత, రాళ్ల మీద నల్ల గీత, మంచు మీద నీలి గీత అన్న స్విస్ రివాజు మిగతా ప్రపంచానికి ఒరవడి అయ్యింది. 1925లో జ్యూరిచ్‌లో కార్టోగ్రఫీ సంస్థ పెట్టిన ఎడువార్డ్ ఇమ్‌హోఫ్ ఈ రెండిటికీ పెళ్లి చేశాడు. గీత ఎత్తు చెబుతుంది, నీడ ఆకారం చెబుతుంది.

ఆ నీడలో ఒక కిటుకుంది. ఉత్తరార్ధగోళపు కొండల మీద నడిపొద్దున వెలుగు వాయవ్యం నుంచి రాదు. అయినా పటాల్లో అటు నుంచే వేస్తారు. కాగితం మీద వెలుగు పైనుంచి, ఎడమ నుంచి వస్తేనే మన కన్ను గట్టును గట్టులా చూస్తుంది. కింది నుంచి వస్తే గట్టు పల్లమై, పల్లం గట్టై కూర్చుంటుంది. నమ్మకపోతే ఫోన్‌లో హిమాలయాల ఉపగ్రహ చిత్రం తెరవండి. ఆ చిత్రాలు తీసింది పొద్దున పూట, ఎండ దక్షిణం వైపు నుంచి పడుతున్నప్పుడు. చాలా చోట్ల నదులు కొండ నెత్తి మీద పారుతున్నట్టు కనిపిస్తాయి. ఫోన్ తలకిందులు చేస్తే లోయ మళ్లీ లోయ అవుతుంది.

సమోన్నత రేఖకు కూడా నిటారు కొండ దగ్గర ఊపిరాడదు. కాస్త లెక్క వేసుకుందాం. యాభైవేల వంతు టోపోషీట్ మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. ఎత్తైన కొండల్లో గీతకూ గీతకూ 40 మీటర్ల ఎడం. 45 డిగ్రీల వాలులో రెండు గీతల నడుమ కాగితం మీద 0.8 మిల్లీమీటర్లు దొరుకుతుంది, ఫర్వాలేదు. వాలు 75 డిగ్రీలైతే దొరికేది 0.2 మిల్లీమీటర్లు, అంటే గీత మందం పోగా ఏమీ మిగలదు. ఇంకో ప్రమాదం దీనికి తిరగేసినది. 35 మీటర్ల నిటారు శిల రెండు గీతల మధ్య చక్కగా దాక్కుంటుంది. పదకొండు అంతస్తుల మేడంత గోడ! పటంలో అక్కడ మామూలు వాలే కనబడుతుంది. అందుకే స్విస్ పటాల్లో శిలలను గీతలకు వదిలేయకుండా, ఒక్కో రాతిముఖాన్నీ చిత్రకారుడి చేత విడిగా గీయించారు. గంటల తరబడి కూర్చుని చేసే ఆ పనిని కంప్యూటరుకు నేర్పే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి గానీ, పాత రేకు పక్కన కొత్తది పెట్టి చూస్తే చేతి పనికే నా ఓటు.

నిటారు నేలకు ఇంకో దుర్గుణం ఉంది. మైదానంలో ఒక చుక్క పది మీటర్లు పక్కకు జరిగితే ఎవరికీ నష్టం లేదు, ఎత్తు అంతే ఉంటుంది. 60 డిగ్రీల వాలు మీద అదే పది మీటర్లు జరిగితే ఎత్తులో 17 మీటర్ల తప్పు వస్తుంది. పక్కకు పోయిన తప్పు ఇక్కడ పైకో కిందికో పోయిన తప్పుగా మారుతుంది. కొత్త సాధనాలన్నీ ఈ దెబ్బ తిన్నవే.

వాటిలో మొదటిది కెమెరా. కెనడా రాకీస్‌లో ఎడువార్డ్ డెవిల్ 1880లలో ఈ దారి తెరిచాడు. గట్టు ఎక్కి చుట్టూ ఫోటోలు తీసుకుని దిగితే చాలు, గీసే పని శీతాకాలంలో గదిలో కూర్చుని చేసుకోవచ్చు. మబ్బుల దేశంలో ఇది వరం. అలా పోగైన గాజు పలకలు లక్షకు పైనే ఉన్నాయి. ఇప్పుడు విక్టోరియా విశ్వవిద్యాలయం వాళ్లు అవే గట్లు ఎక్కి, అవే చోట్ల నిలబడి మళ్లీ ఫోటోలు తీస్తున్నారు. పటం కోసం తీసిన బొమ్మ వందేళ్లకు హిమానీనదం ఎంత తరిగిందో చెప్పే సాక్ష్యమయ్యింది. ఆ విద్యను ఎవరెస్టుకు తెచ్చినవాడు కెనడాకే చెందిన ఆలివర్ వీలర్. 1921లో జార్జి మాలరీ బృందం ఎవరెస్టుకు దారి వెతుకుతూ, రోంగ్‌బుక్ హిమానీనదంలో తూర్పు నుంచి కలిసే ఇరుకు పాయను దాటేసి వెళ్లిపోయింది. కెమెరా పెట్టుకుని మబ్బు తొలగేదాకా రోజుల తరబడి కూర్చున్న వీలర్‌కు ఆ పాయ కనిపించింది. తర్వాత ఉత్తరం వైపు నుంచి ఎవరెస్టు ఎక్కినవాళ్లకు రాదారి అదే అయ్యింది. ఎక్కేవాడి కన్ను శిఖరం మీద ఉంటుంది, కొలిచేవాడిది లోయ మీద. ఆ ఏడాది పటంలో సర్వేయరు మోర్స్‌హెడ్‌తో పాటు లాల్‌బీర్ సింగ్ థాపా, గుజ్జర్ సింగ్, తురుబాజ్ ఖాన్‌ల పనీ ఉంది.

రెండు చోట్ల నుంచి తీసిన ఫోటోలను జంటగా చూస్తే లోతు తెలుస్తుంది, మన రెండు కళ్లలాగే. 1934లో రిచర్డ్ ఫిన్‌స్టర్‌వాల్డర్ ఈ పద్ధతిలో నంగా పర్బత్‌ను యాభైవేల వంతులో గీశాడు. ఎర్విన్ ష్నైడర్ ఎవరెస్టు చుట్టుపక్కల ప్రాంతానికి 1957లో ఇరవై అయిదువేల వంతు పటం తెచ్చాడు. అందం మాటకొస్తే బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్ పటానిదే పైచేయి. నేపాల్, చైనా రెండు దేశాల అనుమతీ సంపాదించి, 1984 డిసెంబరులో 12 కిలోమీటర్ల ఎత్తు నుంచి జెట్ విమానంలో 160 ఫోటోలు తీయించాడు. గీత స్విస్ వాళ్లది. 1988 నవంబరు నేషనల్ జియోగ్రాఫిక్ సంచికతో పాటు కోటికి పైగా ఇళ్లకు చేరింది. ఒక మంచుకొండ పటం అంతమంది చేతుల్లో పడటం అంతకుముందు వినలేదు.

తర్వాత వంతు ఆకాశానిది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 60 మీటర్ల దూలం చాచి, 11 రోజుల్లో భూమ్మీద నేలలో 80 శాతాన్ని రాడారుతో కొలిచేసింది. మైదానాలకు అద్భుతం. నిటారు లోయల్లో మాత్రం కథ మళ్లీ మొదటికొచ్చింది. రాడారు పక్కవాటుగా చూస్తుంది. కొండ వెనక నీడ పడుతుంది, కొండ ముందువైపు శిఖరం లోయ మీదికి ఒరిగినట్టు అచ్చు పడుతుంది. ఆ చోట్లలో కొలత ఉండదు, చిల్లులే. తర్వాత ఆ చిల్లులను చుట్టుపక్కల అంకెలతో, వేరే చోట నుంచి తెచ్చిన అంకెలతో పూడ్చారు. పూడ్చిన చోటు తెర మీద నున్నగా, నమ్మకంగా కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి ట్రెక్కింగ్‌కు వెళ్లే కుర్రాళ్ల ఫోన్లలోని చాలా ఉచిత పటాల గీతలకు మూలం ఈ కొలతే. 1936లో సర్వేయరు చూడని చోటును ఖాళీగా వదిలేసేవాడు. ఆ ఖాళీలో నిజాయితీ ఉంది. ఇప్పటి పటంలో ఖాళీ కనిపించదు, తేడా అంతే.

మన కార్టోశాట్-1 వేరే దారిలో వెళ్లింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఈ ఉపగ్రహంలో రెండు కెమెరాలు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఒకటి 5 డిగ్రీలు వెనక్కి వంగి, అదే నేలను నిమిషం లోపు తేడాతో రెండుసార్లు చూస్తాయి. ఆ జంట చిత్రాలతో తయారైన ఎత్తుల నమూనా హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్.ఆర్.ఎస్.సి.) వాళ్ల భువన్ వెబ్‌సైటు ద్వారా ఉచితంగా దొరుకుతోంది. దీని బాధ దీనిది. జంట చిత్రాల్లో ఒకే చుక్కను రెండు చోట్లా గుర్తుపట్టాలి. కొత్త మంచు మీద గుర్తుపట్టడానికి ఏముంటుంది? తెల్లకాగితం పక్కన తెల్లకాగితం. అన్ని పనులకూ సరిపోయే సాధనం ఇప్పటికీ లేదు. ఒకదాని చిల్లును ఇంకోదానితో పూడ్చుకోవాల్సిందే.

ఎత్తుల తగాదా గురించి రెండు ముక్కలు చాలు. 1955లో సర్వే ఆఫ్ ఇండియా ఎవరెస్టుకు 8,848 మీటర్లంది. 2005లో చైనా మంచు తీసేసి రాయి ఎత్తు 8,844.43 అంది. 2020 డిసెంబరు 8న నేపాల్, చైనా కలిసి 8,848.86 అని ప్రకటించాయి. జీపీఎస్ కొలిచేది నున్నటి ఊహాగోళం నుంచి. మనకు కావాల్సింది సముద్రమట్టం నుంచి. ఎవరెస్టు కింద ఈ రెండింటికీ తేడా దాదాపు 28 మీటర్లు, హైదరాబాద్‌లో 75 మీటర్ల దరిదాపుల్లో. ప్రాట్ గుండు దారం ఈ తేడాలోనే ఇంకా ఊగుతోంది. శాస్త్రంగా ఇది గొప్ప పనే. కొండ కింద బతికేవాడికి మాత్రం దీంతో ఒరిగేది లేదు.

వాడికి కావాల్సింది తేదీ. మంచుకొండ పటం పంచాంగం లాంటిది, పాతబడుతుంది. హిమానీనదాల మీద గీసిన రేఖలు కదిలే వస్తువు మీద గీసినవి. 1960ల నాటి మన టోపోషీట్లలో కొన్నిచోట్ల, ఫోటో తీసిన కాలంలో నేల మీద ఉన్న మంచును కూడా హిమానీనదంగా లెక్కించి గీశారు. ఆ పటంతో ఇవాళ్టి చిత్రాన్ని పోల్చితే కరిగినదాని కంటే ఎక్కువ కరిగినట్టు వస్తుంది. అందుకే పరిశోధకులు గీసిన పటాలు వదిలేసి, అమెరికా గూఢచారి ఉపగ్రహాలు 1970లలో తీసిన ఫిల్ముల వైపు మళ్లారు. రహస్యం తొలగించిన ఆ ఫిల్ముల నుంచి పాత ఎత్తులు తీసి, కొత్త ఎత్తుల్లోంచి తీసివేసి 2019లో తేల్చిందేమిటంటే, 2000 తర్వాత హిమాలయ హిమానీనదాలు అంతకుముందు పాతికేళ్ల కంటే రెట్టింపు వేగంతో తరుగుతున్నాయని. కొండల మీద నిఘా పెట్టినవాళ్లకు ఈ ఉపయోగం తట్టి ఉండదు.

రహస్యం పేరెత్తాం కాబట్టి ఇదీ చెప్పాలి. కొలవని లోయకు యుద్ధం కూడా రావచ్చు. 1949లో కరాచీలో కాల్పుల విరమణ రేఖ గీసినవాళ్లు ఎన్‌జె9842 అనే పటం గుర్తు దగ్గర ఆగిపోయి, అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాల వైపు అని మాటల్లో చెప్పి ఊరుకున్నారు. మనుషులు వెళ్లలేని మంచు మీద గీత ఎందుకనుకున్నారు. 1972లోనూ ఆ కొస అలాగే మిగిలింది. 1984 నుంచి 76 కిలోమీటర్ల సియాచిన్ మీద సైన్యాలు కాపలా కాస్తున్నాయి. రెండో వైపు, ఉన్న పటాలు కూడా చాలాకాలం జనానికి అందలేదు. సరిహద్దు హిమాలయపు పెద్ద స్కేలు రేకులు బీరువాల్లో ఉండేవి. లడఖ్ వెళ్లే మనవాళ్లు 1950ల నాటి అమెరికా సైన్యపు రేకో, జెనీవాలో అచ్చయిన పటమో పట్టుకుని మన కొండలు ఎక్కేవారు. 2005 విధానంలో పౌరులకు వేరు, సైన్యానికి వేరు వరసలు పెట్టారు. 2021 ఫిబ్రవరిలో భారతీయులు ముందస్తు అనుమతి లేకుండా పటాలు గీసుకోవచ్చన్నారు. మంచి నిర్ణయాలే, ఆలస్యంగా.

2021 ఫిబ్రవరికి ఇంకో జ్ఞాపకం ఉంది. 7వ తేదీ ఉదయం చమోలీ జిల్లాలో రోంటీ శిఖరం పక్కనుంచి రాయీ మంచూ కలిసిన ఒక పెద్ద ముక్క విరిగిపడింది. దాదాపు 1,800 మీటర్లు కిందికి దూకి, నీరూ బురదా అయి రిషిగంగలోకి వచ్చింది. షిప్టన్ పాక్కుంటూ వెళ్లిన ఆ రిషిగంగే. రెండొందల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. అందులో ఎక్కువమంది రెండు జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో పనిచేస్తున్నవాళ్లు. ఘటనకు ముందూ తర్వాతా ఉపగ్రహాలు తీసిన ఎత్తులను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, విరిగింది 2.7 కోట్ల ఘనమీటర్లని శాస్త్రవేత్తలు తేల్చారు. అంత కచ్చితంగా కొలవగలిగే చేవ మనకు వచ్చింది, జరిగిపోయాక. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ లోనాక్ సరస్సు తెగి తీస్తా-3 ఆనకట్టను ఊడ్చుకుపోయింది. ఆ సరస్సు ఏటేటా పెద్దదవుతున్న సంగతి ఉపగ్రహ చిత్రాల్లో అప్పటికే ఉంది.

శిఖరాల ఎత్తు ఇక చాలు. హిమాలయపు ఇరుకు లోయలను, హిమానీనదాల ముక్కులను, సరస్సుల కట్టలను అయిదేళ్లకోసారైనా కొలిచి, ఆ పటాలను కింది ఊళ్ల పంచాయతీలకు చేర్చే పని సర్వే ఆఫ్ ఇండియా చేపట్టాలి. సాధనాలు మన దగ్గరే ఉన్నాయి. మీ మటుకు మీరు ఒకటి చేయండి. మంచుకొండల పటం చేతికొచ్చినప్పుడు శిఖరం పక్కనున్న అంకె కంటే ముందు రేకు అంచు చూడండి. ఏ ఏడాది సర్వేయో అక్కడ వేసి ఉంటుంది. వేసి లేకపోతే ఆ పటాన్ని నమ్ముకుని లోయలోకి దిగకండి.